మూడేళ్ల నుంచి... స్పానిష్‌లో చెప్పండి చూద్దాం

ఈ వారం ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. ‘నేను హైదరాబాద్‌లో మూడేళ్ల నుంచి ఉంటున్నాను.’ ఈ ముక్కని ఇంగ్లిష్‌లో చెప్పండి. ఆగండాగండి, ఫోన్లో ట్రాన్స్‌లేటర్ తెరవొద్దు. నోటికి మొదట ఏం వచ్చిందో అదే చెప్పండి.

మనలో చాలామందికి వచ్చేది ఇదే: ‘ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ త్రీ ఇయర్స్.’ వచ్చిన మరుక్షణం లోపల కూర్చున్న ఇంగ్లిష్ మాస్టారు బెత్తం తీస్తారు. ‘సిన్స్ కాదురా, ఫర్! యామ్ లివింగ్ కాదు, హ్యావ్ బీన్ లివింగ్!’ అని.

సరే, మాస్టారి మాట రైటే. ఇప్పుడు అదే వాక్యం స్పానిష్‌లో కావాలి. మనీ హైస్ట్ చూసి స్పానిష్ మొదలుపెట్టినవాళ్లు, ఆఫీసులో స్పెయిన్ క్లయింటు వచ్చాడని మొదలుపెట్టినవాళ్లు, యాప్‌లో స్ట్రీక్ పోకూడదని రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు నొక్కేవాళ్లు, అందరూ ఇక్కడే ఆగిపోతారు. ఎందుకంటే తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆ ‘హ్యావ్ బీన్’ని పట్టుకుని స్పానిష్‌లో దానికి జోడీ వెతుకుతారు. జోడీ దొరుకుతుంది కూడా. కానీ ఆ జోడీతో కట్టిన వాక్యం స్పానిష్‌వాళ్లు మామూలుగా మాట్లాడే వాక్యం కాదు.

ఈ ఒక్క చోట ఇంగ్లిష్‌ని పక్కన పెట్టేయండి. తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌లోకి వెళ్లిపోండి. దారి దగ్గర, పైగా టోల్‌గేటు లేదు. ఎలాగో చెప్తాను.

ఎండ్ టైమ్ ఖాళీగా ఉంది

ముందు మా పని భాషలో ఒక మాట. ఏ ఉద్యోగుల డేటాబేస్‌లో చూసినా రెండు గడులుంటాయి. చేరిన తేదీ, మానేసిన తేదీ. ఇంకా పని చేస్తున్న మనిషికి రెండో గడి ఖాళీ. ఆ మనిషి ఎన్నాళ్ల నుంచి పని చేస్తున్నాడు అని అడిగితే కంప్యూటర్ ఏం చేస్తుంది? ఈ రోజు తేదీలోంచి చేరిన తేదీ తీసేస్తుంది. రేపు అడిగితే జవాబు ఒక రోజు పెరుగుతుంది. పని అవ్వలేదు కాబట్టి లెక్కా ఆగదు.

తెలుగు ఈ ఖాళీ గడినే చూస్తుంది. పని ఇంకా జరుగుతోంది, కాబట్టి క్రియ వర్తమానంలోనే ఉండాలి: ‘ఉంటున్నాను’, ‘చేస్తున్నాను’. ఎప్పుడు మొదలైందో చెప్పడానికి పక్కన ‘నుంచి’ పెడితే చాలు. పేపర్లో అయితే ‘మూడేళ్లుగా’ అని రాస్తారు, ఇంట్లో అయితే ‘మూడేళ్ల నుంచి’ అంటాం. ఏదైనా క్రియ మాత్రం మారదు.

ఇంగ్లిష్ వేరే గడిని చూస్తుంది. మొదలైంది గతంలో కదా, అక్కణ్నుంచి ఇప్పటిదాకా ఒక వంతెన కట్టాలి అంటుంది. ఆ వంతెన పేరే ‘హ్యావ్ బీన్’.

ఇందులో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనే గొడవ లేదు. కానీ ఒకసారి చుట్టూ చూడండి. హిందీలో ‘తీన్ సాల్ సే రహ్ రహా హూఁ’, వర్తమానమే. ఫ్రెంచ్‌లో ‘జాబిత్ ఇసీ దెప్వీ త్రువా జాఁ’, వర్తమానమే. జర్మన్‌లో ‘ఇష్ వోనే జైట్ డ్రై యారెన్ హియర్’, అదీ వర్తమానమే. స్పానిష్‌లో ‘బీబో అకీ దెస్దే ఆసే త్రేస్ అన్యోస్’. బీబో అంటే ‘ఉంటున్నాను’. మళ్లీ వర్తమానమే. ఈ వరసలో విడిగా నిలబడ్డది ఇంగ్లిషే!

ఇది గ్రామర్ గొడవ ఒక్కటే కాదు

కాలేజీ పిల్లల ఇంటర్వ్యూల్లో టేబుల్‌కి ఇవతల కూర్చునే పని ఈ మధ్య నాకూ పడుతోంది. ఊళ్లో తెలుగు మీడియంలో చదువుకుని, తర్వాత ఇంజినీరింగ్ చేసిన పిల్లలు వస్తారు. కోడింగ్ బాగా చేస్తారు. ‘ఐ యామ్ డూయింగ్ దిస్ ప్రాజెక్ట్ సిన్స్ సిక్స్ మంత్స్’ అంటారు. అనగానే పక్కన కూర్చున్న పెద్దమనిషి పెన్ను కదులుతుంది. ‘కమ్యూనికేషన్ వీక్’ అని.

మా టీమ్‌లో స్పెయిన్‌లోని వలెన్సియా నుంచి ఒకాయన పని చేస్తాడు. వలెన్సియా అంటే అది కూడా మనలాగే వరి పండే ప్రాంతం. అల్బుఫేరా సరస్సు చుట్టూ అంతా వరిచేలే. ఆయన మొదటి రోజు మీటింగ్‌లో తనని తాను పరిచయం చేసుకుంటూ ‘ఐ వర్క్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్’ అన్నాడు. ఎవరి పెన్నూ కదల్లేదు. ‘పాపం, ఆయన మాతృభాష స్పానిష్ కదా’ అనుకుని సర్దుకున్నారు.

చెయ్యి గుండె మీద వేసుకుని చెప్పండి. రెండు వాక్యాల వెనకా ఉన్నది ఒకటే లెక్క. రాజోలు కుర్రాడి మాతృభాష కూడా వర్తమానంలోనే చెప్తుంది. అతని నోట్లోంచి వచ్చింది బద్ధకమూ కాదు, తెలివితక్కువా కాదు. తెలుగు వ్యాకరణం ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుని బయటికొచ్చింది, అంతే. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ‘ఫర్’, ‘హ్యావ్ బీన్’ నేర్చుకోవాల్సిందే, ఆ ఇంటి రూలు అది. కానీ నేర్చుకునేవాడిలో సిగ్గు నింపక్కర్లేదు. స్పానిష్ క్లాసులో అయితే ఆ కుర్రాడే ఫస్టు బెంచీ.

ఇక అసలు పాఠంలోకి వెళ్దాం. స్పానిష్ మాటలన్నీ మన లిపిలోనే రాస్తున్నాను. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ‘వి’ అక్షరాన్ని వాళ్లు మెత్తటి ‘బ’లా పలుకుతారు. ‘హెచ్’ రాస్తారు గానీ పలకరు. ‘అన్యోస్’ అంటే ఏళ్లు, అందులో ‘న్య’ని ‘న’ చేశారో, శరీరంలో నలుగురిలో చెప్పకూడని చోటి పేరు వస్తుంది. వయసు చెప్పబోయి పరువు పోగొట్టుకోవద్దు.

మొదటి దారి: ఆసే

తెలుగులో ‘కిందట’ ఉంది కదా. ‘మూడేళ్ల కిందట’ని స్పానిష్‌లో ‘ఆసే త్రేస్ అన్యోస్’ అంటారు. స్పెయిన్‌లో అయితే ‘ఆథే’ అని వినిపిస్తుంది, లాటిన్ అమెరికాలో ‘ఆసే’. ‘నుంచి’కి మాట ‘దెస్దే’. చోటుకీ అదే, కాలానికీ అదే, అచ్చం మన ‘నుంచి’ లాగే. అమలాపురం నుంచి: దెస్దే అమలాపురం. 2022 నుంచి: దెస్దే దోస్ మిల్ బెయింతిదోస్.

ఉదాహరణకి, కోనసీమ విడిగా జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ‘అమలాపురం 2022 నుంచి జిల్లా కేంద్రం’ అనాలంటే ‘అమలాపురం ఎస్ కపితాల్ దె దిస్త్రీతో దెస్దే దోస్ మిల్ బెయింతిదోస్’. ఇక్కడ ‘ఎస్’ అంటే ‘ఉంది, అయి ఉంది’, వర్తమానం. మక్కీకి మక్కీ తెలుగే.

ఇప్పుడు జాగ్రత్త. మనం ‘2022 నుంచి’ అన్నట్టే ‘మూడేళ్ల నుంచి’ అని కూడా అంటాం. తెలుగులో తేదీకైనా, వ్యవధికైనా ‘నుంచి’ ఒక్కటే. ఆ అలవాటులో స్పానిష్‌లో ‘దెస్దే త్రేస్ అన్యోస్’ అంటే కుదరదు. దెస్దే తర్వాత కాలంలో ఒక చుక్క ఉండాలి. ఒక తేదీ, ఒక ఏడాది, ఒక సంఘటన. మూడేళ్లు అనేది చుక్క కాదు, గీత. దాన్ని చుక్కగా మార్చాలంటే మధ్యలో ‘ఆసే’ దూర్చాలి: దెస్దే ఆసే త్రేస్ అన్యోస్. అంటే ‘మూడేళ్ల కిందటి నుంచి’. ఇలా గుర్తుపెట్టుకుంటే జన్మలో మర్చిపోరు.

దీన్నే ముందుకు తెచ్చి కూడా చెప్పొచ్చు: ‘ఆసే త్రేస్ అన్యోస్ కే బీబో అకీ.’ మాటకి మాట పెడితే ‘మూడేళ్లయింది, ఇక్కడ ఉంటున్నాను’. అమలాపురం బస్టాండులో పక్క సీటాయన ‘ఇక్కడే ఉంటన్నామండీ, మూడేళ్లయిపోయింది ఆయ్’ అన్నట్టు లేదూ?

రెండో దారి: యేబార్

ఇది నాకు ఇష్టమైంది. రాసేటప్పుడు మొదట రెండు ‘ఎల్’లు రాస్తారు, పలికేటప్పుడు ‘య’. యేబార్ అంటే మోయడం, తీసుకెళ్లడం. ‘నేను మోస్తున్నాను’ అంటే ‘యేబో’. ఇదే మాటతో స్పానిష్‌వాళ్లు కాలాన్ని కూడా మోస్తారు.

‘యేబో త్రేస్ అన్యోస్ బిబియెందో అకీ.’ అంటే ‘ఇక్కడ ఉంటూ మూడేళ్లు మోస్తున్నాను’. అర్థం మాత్రం మామూలే, మూడేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను అని.

ఆ ‘బిబియెందో’ చూడండి. చివర ‘యెందో’ గానీ ‘ఆందో’ గానీ వస్తే అది మన ‘-తూ’. బిబియెందో అంటే ఉంటూ, త్రబహాందో అంటే పని చేస్తూ, ఎస్పెరాందో అంటే ఎదురుచూస్తూ. తెలుగు వ్యాకరణం పుస్తకంలో శత్రర్థకం అని బట్టీ పట్టాం, గుర్తుందా? అదే ఇది. ‘చేస్తున్నాను’ని విడగొడితే ‘చేస్తూ ఉన్నాను’. స్పానిష్‌లో ‘ఎస్తోయ్ త్రబహాందో’, అంటే ‘పని చేస్తూ ఉన్నాను’. వేల మైళ్ల దూరంలో, చుట్టరికమే లేని రెండు భాషలు ఒకే పద్ధతిలో ఇటుక పేర్చాయి.

ఒక కోనసీమ ఉదాహరణ. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు కోసం నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది. ‘గంట నుంచి చూస్తున్నామండీ’ అనాలి. ‘యేబామోస్ ఉనా ఓరా ఎస్పెరాందో.’ యేబామోస్ అంటే ‘మేం మోస్తున్నాం’. ఆ ఎండలో గంటసేపు నిలబడ్డవాడికి ఆ గంట ఎంత బరువో తెలుసు. మాట సరిగ్గానే పెట్టారు అనిపిస్తుంది.

రెండు షరతులు. ఒకటి, యేబార్‌తో చెప్పేటప్పుడు ఎంత కాలమో చెప్పి తీరాలి. ‘యేబో త్రబహాందో’ అని ఊరుకుంటే ‘ఎన్నాళ్లు?’ అని ఎదుటివాళ్లు చూస్తూ ఉంటారు. రెండు, ‘ఉండటం’ అనే మాట విడిగా అక్కర్లేదు. ‘యేబో త్రేస్ అన్యోస్ అకీ’ అంటే చాలు. పెళ్లయి ఇరవై ఏళ్లయిన జంట అయితే ‘యేబామోస్ బెయింతే అన్యోస్ కసాదోస్’. ఇరవై ఏళ్లు మోస్తున్నారట! పెళ్లయినవాళ్లు నవ్వుకోవచ్చు, కానివాళ్లు ఆలోచించుకోవచ్చు.

‘ఇక్కడికొచ్చి ఎంతో కాలం కాలేదు’ అనాలంటే? ‘నో యేబో మూచో తియెంపో అకీ.’ అంటే ‘ఎక్కువ కాలం మోయట్లేదు’.

చూడక నాలుగేళ్లయింది

ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే నిజానికి ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

రాజోలు, మామిడికుదురు, అమలాపురం వైపు ఏ వీధికి వెళ్లినా గల్ఫ్ వెళ్లిన మనిషి ఉన్న ఇల్లు ఒకటి కనిపిస్తుంది. మగవాళ్లే కాదు, ఇంటిపని కోసం కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లు కూడా చాలామంది. వాళ్ల ఇళ్లల్లో కాలం లెక్క వేరుగా ఉంటుంది. మా వీధిలో అందరం పిన్నీ అని పిలిచే ఒకావిడ ఉన్నారు. ఆవిడ గురించి వాళ్లింట్లో మూడు మాటలు వినిపిస్తాయి.

‘ఏడేళ్ల నుంచి కువైట్‌లో పని చేస్తోంది.’

‘కువైట్ వెళ్లి ఏడేళ్లయింది.’

‘పిల్లల్ని చూడక నాలుగేళ్లయింది.’

మూడూ వ్యవధి చెప్పే వాక్యాలే. మొదటిది జరుగుతున్న పని. స్పానిష్‌లో ‘త్రబాహా ఎన్ కువైట్ దెస్దే ఆసే సియెతే అన్యోస్’. రెండోది ఒక్కసారి జరిగిపోయిన పని. వెళ్లడం అయిపోయింది, దాని తర్వాత కాలం గడుస్తోంది. ‘ఆసే సియెతే అన్యోస్ కే సే ఫుఎ ఆ కువైట్.’ తెలుగులో ‘వెళ్లి’ అనే క్త్వార్థకం ఇక్కడ ఆ పనికి తాళం వేసేస్తుంది. స్పానిష్‌లో ‘సే ఫుఎ’, అంటే ‘వెళ్లిపోయింది’ అనే భూతకాలం ఆ తాళం వేస్తుంది.

మూడోది చూడండి. ఇక్కడ జరుగుతున్న పని ఏమిటి? ఏమీ లేదు. చూడకపోవడమే జరుగుతోంది. ఒక పని జరగకపోవడం నాలుగేళ్ల నుంచి ఆగకుండా జరుగుతోంది. తెలుగులో దీనికి ‘చూడక’ అనే మాట ఉంది, వ్యతిరేక క్త్వార్థకం. పరీక్షలో ఒక మార్కు బిట్టు అని చదివి వదిలేసిన మాట. కానీ ఆ ‘క’లో ఎంత ఉందో ఆ ఇంట్లోవాళ్లని అడగాలి. తినక రెండ్రోజులైంది. మాట్లాడక నెలైంది. ఇంటికి రాక నాలుగేళ్లయింది.

స్పానిష్‌లో ఆ ‘క’ చేసే పని ‘సిన్’ చేస్తుంది. సిన్ అంటే ‘లేకుండా’. ‘యేబా క్వాత్రో అన్యోస్ సిన్ బేర్ ఆ సుస్ ఇహోస్.’ పిల్లల్ని చూడకుండా నాలుగేళ్లు మోస్తోంది.

రెండు భాషలకీ తేడా ఎక్కడుందో గమనించారా? తెలుగులో కర్త కాలం. ‘నాలుగేళ్లు’ అయింది. మనిషి పక్కన నిలబడి ఉంటుంది, కాలం తన దారిన తను గడిచిపోతుంది. యేబార్ వాక్యంలో కర్త ఆ మనిషే. కాలం ఆవిడ నెత్తి మీద ఉంటుంది. తెలుగు వాక్యం ‘ఏం చేస్తాం, అలా అయిపోయింది’ అన్నట్టుంటే, స్పానిష్ వాక్యం ‘ఎవరు మోశారో చూడు’ అన్నట్టుంటుంది. రెండూ నిజమే. ఇంకో భాష నేర్చుకుంటే వచ్చే లాభం ఇదే, మన ఇంటి సంగతే ఇంకో కిటికీలోంచి కనిపిస్తుంది.

ఒక చిన్న తేడా కూడా. మనం ‘నాలుగేళ్ల నుంచి చూడలేదు’ అని కూడా అంటాం. ‘చూడలేదు’ గతం వైపు వాలిన మాట. స్పానిష్‌లో ‘ఆసే క్వాత్రో అన్యోస్ కే నో బే ఆ సుస్ ఇహోస్’ అంటారు. నో బే అంటే ‘చూడట్లేదు’, మళ్లీ వర్తమానం. ఎండ్ టైమ్ గడి ఖాళీగానే ఉంది కదా మరి.

ఆరిపోయాక లెక్క మారుతుంది

పని అయిపోతే? దానికి మా పెద్దవాళ్లందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది. మార్చి నెల మధ్యదాకా, 65 రోజులు మండింది. ఆ మంట వెలుగు రాత్రిళ్లు ఎంత దూరం కనిపించేదో మా వైపు ముసలివాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్తారు. నేను అప్పటికి పుట్టనే లేదు.

ఆ ఫిబ్రవరిలో జనం ఏమనుకుని ఉంటారు? ‘బావి నెల నుంచి మండుతోంది’ అని. ఎప్పుడు ఆరుతుందో ఎవరికీ తెలియదు, గడి ఖాళీ. స్పానిష్‌లో ‘ఎల్ పోసో యేబా ఉన్ మేస్ అర్దియెందో’.

ఆర్పేశాక? ‘65 రోజులు మండింది.’ ‘నుంచి’ మాయమైపోయింది, క్రియ భూతకాలంలోకి వెళ్లిపోయింది. స్పానిష్‌లో కూడా యేబార్ దిగిపోతుంది: ‘ఎల్ పోసో అర్దియో సెసెంతా ఇ సింకో దియాస్.’ గడి నిండాక మోయడానికేం మిగల్లేదు. అందుకే అయిపోయిన పనికి యేబార్ వాడరు.

మరి ఆనాటి సంగతి ఈనాడు కథగా చెప్తుంటే? ‘మేం చూడ్డానికి వెళ్లేసరికి నెల నుంచి మండుతోంది’ అంటాం. తెలుగులో ఆ ‘మండుతోంది’ ఏమీ మారదు, వినేవాడే అర్థం చేసుకుంటాడు. స్పానిష్‌లో మాత్రం యేబా కాస్తా ‘యేబాబా’ అవుతుంది: ‘క్వాందో ఫుయిమోస్ ఆ బెర్లో, యేబాబా ఉన్ మేస్ అర్దియెందో.’ అంటే ‘అప్పటికి నెల మోస్తూ ఉంది’. ఇది ఒక్కటీ కాస్త ప్రాక్టీసు కావాలి.

వస్తూ, పోతూ, తిరుగుతూ

ఇంకో నాలుగు ఫ్రీగా ఇస్తాను. ఇవి ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటే తలనొప్పి, తెలుగు మీదుగా అయితే ఆల్రెడీ వచ్చినట్టే.

ఏళ్ల నుంచి చెప్తూ వస్తున్నాను: ‘బెంగో దిసియెందోలో దెస్దే ఆసే అన్యోస్.’ బెంగో అంటే ‘వస్తున్నాను’. నిజంగానే.

వాన కురుస్తూనే ఉంది: ‘సీగె యొబియెందో.’ మన ‘-తూనే’కి వాళ్ల ‘సీగె’. దీనికి మాత్రం ఎన్నాళ్లు అన్న అంకె మామూలుగా కలపరు.

గోదారి పెరుగుతూ పోతోంది: ‘ఎల్ రియో బా క్రెసియెందో.’ బా అంటే ‘వెళ్తోంది’.

దుబాయ్ వెళ్తున్నానని చెప్పుకుంటూ తిరుగుతున్నాడు: ‘అందా దిసియెందో కే సే బా ఆ దుబాయ్.’ అందా అంటే ‘నడుస్తున్నాడు, తిరుగుతున్నాడు’. పనీపాటా లేకుండా ఊరంతా చెప్పుకు తిరిగేవాడి మీద మనకున్న వెటకారం అందులోనూ ఉంది!

రైలు కోసం

చివరగా హోంవర్క్. మా కోనసీమలో అందరికీ తెలిసిన ‘జరుగుతూనే ఉన్న పని’ ఒకటుంది, కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం. సుమారు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడు పాయలూ దాటాలి. 2000-01లో మంజూరైంది. అప్పుడు అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. అమలాపురానికి మాత్రం ఇంకా రైలు రాలేదు. ఆ లైను మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలు ఇంజినీరింగ్ చదివేసి, రావులపాలెం మీదుగా బస్సెక్కి హైదరాబాద్ వచ్చేసి, ఉద్యోగాలు కూడా చేస్తున్నారు.

ఈ పనికి ఏ వాక్యం వాడాలో మీరే తేల్చండి. ‘పాతికేళ్లు కట్టారు’ అందామంటే పని అయిపోవాలి, అవ్వలేదు. ‘పాతికేళ్ల కిందట కట్టారు’ అంటే అబద్ధం. మిగిలింది ఒక్కటే: ‘పాతికేళ్ల నుంచి రైలు కోసం ఎదురుచూస్తున్నాం.’ స్పానిష్‌లో ‘యేబామోస్ బెయింతిసింకో అన్యోస్ ఎస్పెరాందో ఎల్ త్రెన్’.

ఇందులో ‘ఎస్పెరాందో’ ఉంది కదా. పంటు దగ్గర ఎదురుచూడటం అని చెప్పాను. దానికి ఇంకో అర్థం కూడా ఉంది, ఆశ పడటం. స్పానిష్‌లో ఎదురుచూపుకీ ఆశకీ ఒకటే క్రియ. అందుకని పై వాక్యాన్ని ‘రైలొస్తుందని ఆశ పడుతూ పాతికేళ్లు మోస్తున్నాం’ అని కూడా చదువుకోవచ్చు. రైల్వేవాళ్లు స్పానిష్ చదవకపోయినా పర్వాలేదు, తెలుగులో చదివినా చాలు.

మీ హోంవర్క్ ఇదీ. మీ జీవితంలో ఇంకా ఎండ్ టైమ్ పడని పని ఒకటి తీసుకోండి. ఉద్యోగం కావొచ్చు, ప్రిపరేషన్ కావొచ్చు, ఎవరితోనో మాట్లాడక గడుస్తున్న నెలలు కావొచ్చు. ముందు తెలుగులో చెప్పండి. తర్వాత యేబో పెట్టి స్పానిష్‌లో చెప్పండి. మధ్యలో ఇంగ్లిష్‌ని పిలవొద్దు. ‘చూడక’, ‘మాట్లాడక’ అనే వాక్యం గనక వస్తే మాత్రం, స్పానిష్ సంగతి తర్వాత, ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి, ఆయ్!